నేను వేసిన సున్నా

పక్షవాతం వచ్చిందో లేదో తేల్చడానికి అంబులెన్సులో మాకు మూడు పరీక్షలున్నాయి. ఒకటి, మూతి: నవ్వమంటాం, వంకర పోయిందేమో చూస్తాం. రెండు, చెయ్యి: కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాచమని, పది లెక్కపెట్టేలోగా ఒకటి కిందికి జారుతుందేమో చూస్తాం. మూడు, మాట: ఒక వాక్యం చెప్పి, తిరిగి చెప్పమంటాం. ఒక్కో తప్పుకి ఒక్కో మార్కు. సున్నా వస్తే మంచిది, మూడొస్తే చెడ్డది. ఇంత సులువైన పరీక్ష నేను చదివిన ఏ బళ్ళోనూ పెట్టలేదు. అయినా ఇందులో పేషెంటు కంటే ఎక్కువసార్లు తప్పేది పరీక్ష పెట్టేవాడే.

నేను అంబులెన్సులో టెక్నీషియన్ని. ఊళ్ళలో నన్ను డాక్టరు గారూ అంటారు. ఆసుపత్రిలో డాక్టర్లు ఏయ్ బాబూ అంటారు. నిజం ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంది. ఈ ఉద్యోగానికి ముందు పాలిటెక్నిక్‌లో కొలత పరికరాల గురించి చదువుకున్నాను. అక్కడ మొదటి సంవత్సరం మొదటి పాఠం: ఒకే వస్తువుని ఇద్దరు కొలిస్తే ఒకే అంకె రావాలి. రాకపోతే వస్తువుని తిట్టకూడదు, కొలిచిన పద్ధతిని అనుమానించాలి. వైద్యంలోకి వచ్చాక ఈ పాఠం ఎవరికీ చెప్పకపోవడమే మర్యాద అని తెలుసుకున్నాను.

మాకు ట్రైనింగు తాడేపల్లిగూడెంలో ఇచ్చారు. ఫంక్షన్ హాలు మేడ మీద గది. కింద అంతకు ముందు రోజు ఎవరిదో రిసెప్షన్ అయింది, బిర్యానీ వాసన ఇంకా మెట్ల దగ్గరే ఉంది. నరాల డాక్టర్లు వాడే పెద్ద స్కేలు గురించి కూడా మాకు తెలియాలని, ఒక విదేశీ పేషెంటు వీడియో వేసి మార్కులు వేయమన్నారు. ఆ స్కేలు నలభై రెండు మార్కులకి. అందులోనూ ఎక్కువ వస్తే చెడ్డది. అందరం చీటీల మీద రాసిచ్చాం. ట్రైనరు గారు చదివారు. నాలుగు నుంచి పధ్నాలుగు దాకా వచ్చాయి.

"పరవాలేదు, సగటు తీస్తే కరెక్టు అంకే వస్తుంది" అన్నారాయన.

"సార్, బండిలో నేనొక్కణ్ణే ఉంటాను కదండీ. సగటు ఎవరితో కలిపి తీయమంటారు?" అన్నాను.

"డౌట్లు భోజనం తర్వాత."

భోజనం తర్వాత లాప్‌టాప్ మొరాయించి మళ్ళీ అదే వీడియో దగ్గర ఆగింది. ఖాళీగా ఎందుకని మళ్ళీ మార్కులు వేశాను. ఉదయం తొమ్మిది వేశాను. ఇప్పుడు అదే మనిషికి, అదే నేను, ఏడు వేశాను. మధ్యలో తగ్గింది నా ఆకలి ఒక్కటే.

ఆ స్కేలుతో పాటు ఒక బొమ్మల అట్ట ఇస్తారు. బొమ్మ చూపించి ఇదేమిటి అని అడగాలి. చెప్పలేకపోతే మాటకి సంబంధించిన మెదడు దెబ్బతిన్నట్టు. ఆ అట్టని ఉంగుటూరు దగ్గర మా ఇంటికి తీసుకెళ్ళి, గోంగూర ఒలుస్తున్న మా అమ్మకి చూపించాను. ఫలితాలు ఇవి. తాళంచెవి: సరిగా చెప్పింది. కుర్చీ: సరిగా చెప్పింది. చలికి వేసుకునే చేతి తొడుగు: "పొదుగు. ఏ గేదెదిరా, సన్నగా ఉంది?" ఎడారి మొక్క: "బెండకాయలు, ముదిరినవి." ఈక: "కొబ్బరాకు." రెండు చెట్లకి కట్టిన ఊయల: "వల ఆరేశారు." ఆరింట్లో రెండు. స్కేలు ప్రకారం మా అమ్మని వెంటనే ఏలూరు తీసుకెళ్ళాలి. ఆవిడ మాత్రం "ఆ అట్ట అవతల పెట్టి, చింతపండు నానబెట్టు" అంది.

ఇంత తెలిసిన మనిషిని కాబట్టి నేను తప్పు చేయననుకున్నాను.

ఆ రోజు ఉదయం తొమ్మిది దాటాక కలిదిండి మండలం నుంచి కాల్ వచ్చింది. మా డ్రైవరుని రికార్డుల్లో పైలట్ అని రాస్తారు. ఆయన బండి గాల్లోకి లేచేది కొల్లేరు రోడ్డు గుంటల్లోనే. చెరువు గట్ల మీంచి వెళ్ళి తొమ్మిదీ నలభైకి ఇల్లు చేరాం. నాలుగు రొయ్యల చెరువులున్న రైతు, అరవై దాటిన మనిషి, వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. తెల్లచొక్కా, దువ్విన తల, నోరు కప్పేసే మీసం. చుట్టూ ఇరవై మంది. భార్య పక్కన, కొడుకు కుర్చీ వెనకాల.

"ఏమైందండీ?" అని ఆయన్నే అడిగాను.

"నీరసంగా ఉందంటండీ" అంది భార్య.

"ఆయన్ని చెప్పనివ్వండమ్మా. బాబాయి గారూ, నీరసంగా ఉందాండీ?"

"ఆయ్" అన్నారాయన.

మా వైపు తెలియనివాళ్ళకి ఒక మాట. ఆయ్ అంటే అవునండీ అని, వింటున్నానండీ అని, మీరు చెప్తే కాదంటానా అని. చాలామంది పెద్దలు రోజు మొత్తం దాంతోనే నెట్టుకొస్తారు.

పరీక్ష మొదలుపెట్టాను. మూతి. "ఒకసారి నవ్వండి బాబాయి గారూ." ఆయన నవ్వలేదు.

"ఆయన నవ్వరండీ. పెళ్ళిలోనే నవ్వలేదు" అంది భార్య.

"ఫొటో ఉందండీ, కావాలంటే తెస్తాం" అన్నారెవరో వెనక నుంచి. మీసం కింద ఏమీ కనపడలేదు. పెద్దమనిషిని నలుగురిలో మీసం ఎత్తి పళ్ళు చూపించమనడానికి నాకు నోరు రాలేదు. సున్నా.

చెయ్యి. కళ్ళు మూసుకుని చేతులు చాచమన్నాను. చాచారు. నేను గడియారం చూస్తూ పది లెక్కపెట్టాను. లెక్క పెట్టడంలో నేను ఏ తప్పూ చేయలేదు. పది అయ్యేసరికి రెండు చేతులూ సమానంగా ఉన్నాయి. సున్నా.

మాట. "'ఈ రోజు ఆకాశం మబ్బుగా ఉంది' అనండి బాబాయి గారూ."

"ఆయ్."

రూలు ప్రకారం ఆయన వాక్యాన్ని తిరిగి చెప్పాలి. మా మర్యాద ప్రకారం ఒప్పుకుంటే చాలు. నేను మర్యాద ప్రకారం మార్కు వేశాను. ఆకాశంలో మబ్బు తునక లేదన్న సంగతి కూడా గమనించలేదు.

షుగర్ చూశాను, మామూలుగా ఉంది. బీపీ ఎక్కువుంది. కార్బన్ పెట్టి మూడు కాపీలుగా రాసే ఫారం మీద రాశాను: టైము తొమ్మిదీ నలభై ఐదు, పక్షవాతం స్కోరు సున్నా, నీరసం. సున్నా అయితే దగ్గర్లో ఉన్న కైకలూరు ఆసుపత్రి చాలు. మూడైతే తిన్నగా ఏలూరు పోవాలి, ఎందుకంటే స్కానూ, మెదడులో గడ్డని కరిగించే ఇంజక్షనూ అక్కడే ఉన్నాయి. ఆ ఇంజక్షన్ జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

బండి కదిలింది. భార్య ఆయన తల దగ్గర కూర్చుంది; కొడుకు తండ్రి పక్కన కాకుండా నా పక్కన కూర్చోవాల్సి వచ్చింది. మొదటి గుంటకి ఆయన కుడిచెయ్యి స్ట్రెచర్ మీంచి జారి వేలాడింది. ఆయన దాన్ని తీసుకోలేదు. నేనే తీసి పెట్టాను. రెండో గుంటకి మళ్ళీ జారింది.

"ఇందాక బాగానే ఎత్తారు కదండీ చెయ్యి" అన్నాను కొడుకుతో.

"నేను కింద నుంచి పట్టుకున్నానండీ" అన్నాడతను. "పడిపోతుంటే మరి పట్టుకోనా? నలుగురూ చూస్తన్నారు."

రెండోసారి జారిన చెయ్యి తీసి ఆయన పొట్ట మీద పెట్టాను. తర్వాత ఆయన వైపు వంగాను.

"బాబాయి గారూ, మీకు ఎంతమంది పిల్లలండీ?"

"ఆయ్."

"మీరు ఈ జిల్లా కలెక్టరు గారాండీ?"

"ఆయ్."

"మొన్న చంద్రుడి మీదకి వెళ్ళొచ్చారటగా?"

"ఆయ్" అన్నారు, ఎంతో నమ్మకంగా.

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మీసాన్ని వేలితో పైకి జరిపి చూశాను. మూతి కుడివైపు జారిపోయి ఉంది. మూడుకి మూడు.

"గురువుగారూ, కైకలూరేగా?" అన్నాడు డ్రైవరు ముందు నుంచి.

"ఏలూరు. ఆపకండి."

"సున్నా అన్నావుగా ఇందాక?"

"అది నాకు వచ్చిన మార్కు."

ఏలూరు ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాను. ఇక కావలసింది టైము. మనిషి మామూలుగా ఉండటం చివరిసారి ఎవరు చూశారు, ఎన్నింటికి. భార్యని అడిగాను.

"ఎనిమిదిన్నరకి బాగున్నారండీ. కాఫీ ఇచ్చి 'బాగుందా' అంటే 'ఆయ్' అన్నారు."

"ఏడింటికి ఫోన్ చేసినప్పుడు కూడా బాగున్నారండీ" అన్నాడు కొడుకు. "'పేమెంటుకి నేను వెళ్తాలే' అంటే 'ఆయ్' అన్నారు."

"ఆయ్ కాకుండా ఇంకేమైనా అన్నారా?"

కొల్లేరు మధ్యలో రోడ్డుకి రెండు వైపులా నీళ్ళు, గూడబాతులు. బండి వంతెన దాటేదాకా ఆలోచించి భార్య చెప్పింది: "రాత్రి ఎనిమిదింటికి అన్నారండీ, పప్పులో ఉప్పు తక్కువైందని."

ఆ ఇంట్లో ఆయనతో ఇద్దరు మనుషులు పొద్దుటి నుంచి మాట్లాడారు, కాఫీ ఇచ్చారు, పనులు తేల్చుకున్నారు. ఆయనకి మాట ఉందో పోయిందో మాత్రం చెప్పలేరు.

పదకొండూ ఐదుకి ఏలూరు చేరాం. పదకొండూ ఇరవైకి స్కాన్ అయింది. రక్తం కారలేదు, గడ్డే. ఇక పెద్ద స్కేలు. మొదట డ్యూటీ డాక్టరు గారు, తణుకు అమ్మాయి, చూసి తొమ్మిది వేసింది. వెంటనే నరాల డాక్టరు గారు వచ్చి పదమూడు వేశారు. ఆయన తెలుగువారే, కాని చదువంతా దూరప్రాంతాల్లో. ఇద్దరూ మంచం కాళ్ళ దగ్గర నిలబడి సున్నితంగా పోట్లాడుకున్నారు.

"కళ్ళు మూయమంటే మూశారు కదా సార్" అందావిడ.

"నువ్వు చెప్తూ నీ కళ్ళు మూశావు. అది చూసి మూశారు. నెల ఏమిటంటే ఏమన్నారు?"

"ఆయ్ అన్నారు సార్."

"అది జవాబా?"

"కాదు సార్. మర్యాద."

తర్వాత ఆయన బొమ్మల అట్ట తీశారు. చేతి తొడుగు చూపించారు. "ఆయ్" అన్నారు బాబాయి గారు. ఊయల. "ఆయ్." ఈక. "ఆయ్." ఆయన జబ్బుతో అన్నారు. ఆరోగ్యంగా ఉన్నా పెద్ద తేడా ఉండేది కాదేమో. నాలుగు మార్కుల తేడా పెద్దది కాదని ఇద్దరూ ఒప్పుకున్నారు. నేను మూడింటిలో మూడు తప్పినవాణ్ణి కాబట్టి నోరు మూసుకున్నాను. బయట భార్య ఎవరికో ఫోన్లో చెప్తోంది: "పదమూడొచ్చిందంట వదినా. ఆ అమ్మాయి తొమ్మిదే వేసింది. పెద్ద డాక్టరు గారు మాత్రం మంచోరు."

అప్పుడు నరాల డాక్టరు గారి చేతికి నా ఫారం గులాబీ కాపీ వచ్చింది.

"తొమ్మిదీ నలభై ఐదుకి స్కోరు సున్నా అని రాశావు. ఇది నిజమైతే జబ్బు ఆ తర్వాతే వచ్చింది. రెండుంబావు దాకా టైముంది. ఇంజక్షన్ ఇచ్చేయొచ్చు. నిజమేనా?"

కొడుకు నా వైపు చూశాడు. ఔనంటే చాలు. ఫారం ఔననే చెప్తోంది, సంతకం నాదే. కాని జబ్బు రాత్రే వచ్చి ఉంటే, ఇప్పుడు ఆ ఇంజక్షన్ మెదడులో రక్తం కార్చి మనిషిని చంపొచ్చు. నా సున్నా ఆయన్ని బతికిస్తుందో చంపుతుందో ఎవరికీ తెలియదు. తెలిసింది ఒక్కటే, అది తప్పని.

"కాదండీ. అప్పటికే ఉంది. నేను సరిగా చూడలేదు" అన్నాను. మూడు కాపీల మీదా సున్నా కొట్టేసి, మూడు అని రాసి, పక్కన పొట్టి సంతకాలు పెట్టాను.

"అయితే ఆఖరుసారి మామూలుగా ఉన్నది?"

"గట్టిగా చెప్పగలిగింది రాత్రి ఎనిమిదండీ."

"అయితే ఇవ్వలేం" అన్నారాయన, ఫారం మడిచి.

కొడుకు గోడకి ఆనుకున్నాడు. భార్యకి ఇంకా అర్థం కాలేదు, పదమూడు వచ్చాక కూడా ఎందుకివ్వరని అడుగుతోంది. నాకు ఇలాంటప్పుడు వేరే విద్య రాదు, జాబితా ఒక్కటే వచ్చు. కొడుకుని పక్కకి తీసుకెళ్ళాను.

"మీ నాన్నగారు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తారో వరసగా చెప్పండి. ఏదీ వదలకండి."

"ఐదింటికి చెరువు మీదకెళ్తారండీ. నీళ్ళు చిలికే ఏరేటర్లు ఆపిస్తారు. చెక్ ట్రేలు పైకి తీసి రొయ్యలు మేత తిన్నాయో మిగిల్చాయో చూస్తారు. పుస్తకంలో రాస్తారు. మళ్ళీ ఇంకో చెరువు—"

"ఏ పుస్తకం?"

"మేత పుస్తకమండీ. టైమేసి రాస్తారు. మమ్మల్ని ముట్టుకోనివ్వరు."

పుస్తకం చెరువు మీద షెడ్డులో ఉంది. కాపలా మనిషికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"ఈరోజు పేజీ ఫొటో తీసి పంపు."

"అయ్యగారు తిడతారండి."

"ఈరోజు తిట్టలేరు. తీయి."

ఫొటో తలకిందులుగా వచ్చింది. ఫోన్ తిప్పి నరాల డాక్టరు గారికి చూపించాం. ఐదుంబావుకి ఒక వరస, గుండ్రటి అక్షరాలు. ఏడున్నరకి రెండు వరసలు, అంతే గుండ్రంగా: "మూడో చెరువు ట్రేలో మేత మిగిలింది. పదింటి మేత సగం తగ్గించాలి. వీడికి చెప్పాలి." ఎనిమిదుంబావు దగ్గర "రెం" అని మొదలై, ఒక గీత గీట్ల మీంచి జారుకుంటూ పేజీ చివరిదాకా పోయింది.

నరాల డాక్టరు గారు ఫొటో పెద్దది చేసి చూశారు. "ఏడున్నర అని రాసినంత మాత్రాన ఏడున్నరకే రాశారని ఏమిటి?"

ఫోన్ ఇంకా లైన్లోనే ఉంది. "నేను పక్కనే ఉన్నానండి" అన్నాడు కాపలా మనిషి. "ఏడున్నర బస్సు అప్పుడే పోయింది. పుస్తకం రాసి, మేత బస్తా తడిలో ఎందుకు పెట్టావని నన్ను తిట్టేరండి."

"ఎలా తిట్టారు? మాట ముద్దగా ఉందా? తడబడ్డారా?"

"లేదండి. బాగా అర్థమైంది."

"ఎంతసేపు?"

"బస్తా షెడ్డులోకి మోసుకెళ్ళేదాకా అండి. మా నాన్నని కూడా కలిపి."

డ్యూటీ డాక్టరు గారు తల పక్కకి తిప్పుకుంది. నరాల డాక్టరు గారు గడియారం చూసుకున్నారు. ఏడున్నరకి నాలుగున్నర గంటలు కలిపితే పన్నెండు. అప్పుడు పదకొండూ ముప్ఫై ఎనిమిది. "సంతకం పెట్టించండి" అన్నారు. పదకొండూ నలభై తొమ్మిదికి ఇంజక్షన్ వెళ్ళింది. కేసుషీట్లో ఆయన రాసింది నేను చూశాను: చివరిసారి మామూలుగా ఉన్నది ఏడున్నర, ఆధారం చేతిరాత, సాక్షి తిట్లు తిన్న మనిషి. ఆఖరి ముక్క ఇంగ్లీషులో కొంచెం మర్యాదగా రాశారు.

ఫారం ఫొటో ఆఫీసుకి పంపి బయటికి వచ్చేసరికి మా సూపర్‌వైజర్ గారి ఫోన్.

"ఫారం మీద కొట్టివేతలేంటయ్యా? క్వాలిటీ చెక్‌లో మూడు తప్పుల కింద పడతాయి, మూడు కాపీలు కదా."

"స్కోరు తప్పు వేశానండీ, సరిచేశాను."

"తప్పు స్కోరు ఎవడు చూస్తాడు? కొట్టివేత కనపడుతుంది."

డ్రైవరు ఈలోగా వేరుశెనక్కాయలు కొనుక్కొచ్చాడు. "ఎన్నొచ్చాయేంటి చివరికి?" అన్నాడు. తొమ్మిది, పదమూడు, సున్నా, మూడు అని చెప్పాను. "మనిషొక్కడేగా?" అన్నాడు. పాలిటెక్నిక్ గుమ్మం తొక్కకుండానే మొదటి పాఠం వచ్చిన మనిషి.

మర్నాడు పది గంటలకి ఇంకో పేషెంటుని ఏలూరులో దింపి, వార్డులోకి వెళ్ళాను. వెళ్ళాలని రూలు లేదు. మెట్లు ఎక్కుతూ ఆ మంచం ఖాళీగా ఉంటే ఏమనుకోవాలో కూడా అనుకున్నాను. మంచం మీద ఆయన కూర్చుని ఉన్నారు, వెనక రెండు దిండ్లు. నరాల డాక్టరు గారు, డ్యూటీ డాక్టరు గారు మళ్ళీ మార్కులు వేస్తున్నారు. కుడిచెయ్యి చాచమంటే మోచెయ్యి దాకా లేచి, వణికి, పడింది. కొడుకు ముందుకి వంగాడు.

"పట్టుకోకండి" అన్నాం ముగ్గురం ఒకేసారి.

నరాల డాక్టరు గారు ఆయన మొహంలోకి చూసి, తన మొహంలో ఏమీ కనపడనీయకుండా, నెమ్మదిగా అడిగారు. "తలనొప్పిగా ఉందాండీ?"

ఆయన నోరు తెరిచారు. మీసం ఒకవైపే కదిలింది. మాట ఎక్కడో లోపల వెతుక్కుంటున్నట్టు కాసేపు ఆగి, అన్నారు:

"లే... దు."

డ్యూటీ డాక్టరు గారి పెన్ను ఆగిపోయింది. నేను మంచం కడ్డీ పట్టుకున్నాను. భార్య మాత్రం గబగబా లేచి, కొంగు సర్దుకుని, డాక్టరు గారికి చేతులు జోడించింది.

"ఏమనుకోకండి డాక్టరు గారూ, ఆయనెప్పుడూ ఇలా మొండిగా మాట్లాడరండీ" అంది. తర్వాత భర్త వైపు తిరిగింది. "ఏవండీ, లేదండీ అనండి."